ధైర్యం చెప్పకుండా కూర్చున్న గ్రూప్: దీర్ఘకాలిక ఆందోళనపై ఒక కేస్ స్టడీ

ఆందోళనతో బాధపడేవాళ్లందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి మాట్లాడిస్తే ఒకరి టెన్షన్ ఇంకొకరికి అంటుకోదా అని తోటి డాక్టర్లు తరచూ అడుగుతారు. మాకు ఆ బాధ పెద్దగా ఎదురుకాలేదు. ఇబ్బంది వేరే వైపు నుంచి వచ్చింది. గ్రూప్‌లో అందరూ మంచివాళ్లు. ఎవరు కంగారు పడినా మిగతా ఆరుగురూ వెంటనే ధైర్యం చెప్పేవాళ్లు. ఆ మంచితనమే వైద్యానికి ఎలా అడ్డొచ్చిందో, దాన్ని ఎలా దాటామో చెప్పడానికే ఈ కేసు రాస్తున్నాను.

కేసులోని వ్యక్తిని మూర్తి గారు అంటాను. అది అసలు పేరు కాదు. వృత్తి, ఊరు, కుటుంబ వివరాలు మార్చాను. గ్రూప్‌లోని మిగతావాళ్ల విషయంలో ఇద్దరు ముగ్గురి మాటల్ని కలిపి ఒకరివిగా రాశాను. ఆయన చదివి సరే అన్నాకే ఇది మీ ముందుకు వస్తోంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, సెక్షన్ 23లో, గోప్యతను రోగి హక్కుగా చెప్పింది. చట్టం సంగతి అలా ఉంచినా, మాలాంటి ఊళ్లో 'రైస్ మిల్లులో లెక్కలు రాసే ఆయన' అంటే చాలు, ఇల్లు ఏ సందులో ఉందో కూడా చెప్పేస్తారు. కాబట్టి కింద మీరు చదవబోయే రైస్ మిల్లు, రైస్ మిల్లు కాదు.

నేపథ్యం

మూర్తి గారికి యాభై దాటాయి. మిల్లులో లెక్కలు చూస్తారు. భార్య ఇంటిపట్టునే ఉంటారు. ఒక్కతే కూతురు, హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ హాస్టల్లో ఉంటోంది.

మా దగ్గరికి నేరుగా వచ్చేవాళ్లు తక్కువ. ఈయనా అంతే. మొదట వీధి చివరి ఆర్ఎంపీ 'నరాల బలహీనత' అని బీ కాంప్లెక్స్ ఇంజెక్షన్లు ఇచ్చారు. అక్కణ్నుంచి ఫిజీషియన్, తర్వాత గుండె డాక్టర్, ఆ తర్వాత కడుపు డాక్టర్. మధ్యలో అత్తగారి తరఫువాళ్లు కట్టించిన ఒక తాయెత్తు. చివరికి గుండె డాక్టరే "మీ గుండెకేం లేదు, ఓసారి నిద్ర సంగతి చూపించుకోండి" అని చీటీ రాసి పంపారు. పిచ్చి డాక్టర్ దగ్గరికి పంపుతున్నారని తెలిస్తే మెట్లెక్కేవారు కాదని భార్య తర్వాత మాతో అన్నారు.

చీరల షాపు కవర్లో రిపోర్టులన్నీ తెచ్చారు. ఈసీజీలు, టూడీ ఎకో, ట్రెడ్‌మిల్ టెస్ట్, ఎండోస్కోపీ, థైరాయిడ్, షుగర్. తేదీల వరసలో సర్ది, పిన్ను కొట్టి, ప్రతిదాని మూలా పెన్సిల్‌తో 'నార్మల్' అని రాసుకున్నారు. ఆ కవర్‌ని నేను తీరిగ్గా చూశాను. అన్ని నార్మల్‌లు చేతిలో ఉన్నా ఇంకొకటి కావాలనిపించే మనిషికి మరో నార్మల్ రిపోర్టు రాయించడం వల్ల ఒరిగేది లేదని మాకు అక్కడే అర్థమైంది.

వచ్చిన సమస్య

ఆయన చెప్పింది గుండె దడ, కడుపులో తిప్పడం, మెడ పట్టేయడం, తెల్లవారుజామున మూడింటికి మెలకువ. మనసు గురించి ఒక్క ముక్క లేదు. రాత్రి మెలకువ వచ్చినప్పుడు బుర్రలో ఏం తిరుగుతుంటుందని అడిగితే మాత్రం జాబితా ఆగలేదు. అమ్మాయి పెళ్లి, ఇంటి లోను, మిల్లు జీఎస్టీ లెక్కల్లో ఎక్కడైనా తప్పు దొర్లిందేమో, తన బీపీ, భార్య మోకాళ్లు. ఒకటి తీరగానే దాని చోటులోకి ఇంకొకటి వచ్చి కూర్చుంటుంది. "నేను చిన్నప్పట్నుంచీ కంగారు మనిషినేనండి. అమ్మాయి హైదరాబాద్ వెళ్లాక మరీ ఎక్కువైంది" అన్నారు.

ఆ కంగారుకి ఆయన చేసుకునే ఏర్పాట్లు కూడా అడిగి రాసుకున్నాం. కూడిన మొత్తాన్ని కిందినుంచి పైకి మళ్లీ కూడతారు. మిల్లు ఆఫీసు తాళం వేశాక సగం దూరం వచ్చి వెనక్కి వెళ్తారు. అమ్మాయి రాత్రి బస్సులో ఊరొస్తుంటే వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ పెట్టించుకుంటారు. ఫోన్‌ని చార్జర్‌కి తగిలించి, హాల్లో కుర్చీ వేసుకుని, ఆ చుక్క పంతంగి టోల్ గేటు దాటిందా, సూర్యాపేట దాటిందా, కోదాడ దాటిందా అని తెల్లారేదాకా చూస్తారు. చుక్క కాసేపు కదలకపోతే భార్యను లేపుతారు. "ఏం కాదుగా?" "ఏం కాదు, పడుకోండి." ఈ రెండు మాటలూ ఆ ఇంట్లో ఏళ్లుగా నడుస్తున్నాయి.

రోగ నిర్ధారణ దగ్గర కాసేపు ఆగాం. తాళం మళ్లీ చూసుకోవడం, లెక్క మళ్లీ కూడటం వింటే ఓసీడీ, అంటే వద్దనుకున్నా అదే పని మళ్లీ మళ్లీ చేయించే జబ్బు, గుర్తొస్తుంది. కానీ ఇన్నిసార్లు చేయాలన్న లెక్కగానీ, ఫలానా వరసలోనే చేయాలన్న నియమంగానీ ఆయనకు లేవు. భయపడే విషయాలన్నీ రోజువారీ జీవితంలోవే. పానిక్ డిజార్డర్‌లో భయం ఉన్నట్టుండి లేచి నిమిషాల్లో తారస్థాయికి వెళ్తుంది. ఈయనది రోజంతా సన్నగా నడిచే దడ. థైరాయిడ్ ఎక్కువైనా ఇవే లక్షణాలు కనిపిస్తాయి, ఆ రిపోర్టు కవర్లోనే ఉంది. మద్యం గురించి భార్య లేనప్పుడు విడిగా అడిగాం, అలవాటు లేదు. కాఫీ మాత్రం గట్టిగా ఉంది. డిప్రెషన్ ఛాయలున్నా అది ముందు వచ్చినది కాదు. నెలల తరబడి, దాదాపు రోజూ, అదుపులో పెట్టుకోలేని విచారం (ఏమవుతుందోనన్న చింత), దానికి తోడు నిద్రలేమి, కండరాల బిగువు. అన్నీ కలిపి జనరలైజ్డ్ యాంగ్జైటీ డిజార్డర్ అని తేల్చాం. ఆందోళన ఎంత ఉందో కొలిచే జీఏడీ-7 అనే ప్రశ్నపత్రంలో ఏడు ప్రశ్నలకు కలిపి గరిష్ఠంగా 21 మార్కులు. 10కి చేరితే జాగ్రత్తగా చూడాలి, 15కి చేరితే తీవ్రం. ఈయన 15 పైనే ఉన్నారు.

మొదట చేసినవి

మందుల విషయం మా సైకియాట్రిస్ట్ చూశారు. అప్పటికే మూర్తి గారు ఆల్ప్రాజొలామ్ అనే, కంగారును వెంటనే అణిచే మాత్ర వాడుతున్నారు. ఎప్పుడో ఎవరో రాసిచ్చిన పాత చీటీతో మందుల షాపులో కొనుక్కుంటున్నారు. అది షెడ్యూల్ హెచ్1 మందు. డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మిన ప్రతిసారీ రిజిస్టర్లో రాయాలి. చిన్న ఊళ్లలో ఆ రిజిస్టర్లు ఎలా ఉంటాయో చదివేవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. ఏళ్లుగా వాడుతున్న మందును ఒక్కసారిగా ఆపితే దడ రెట్టింపవుతుంది, ఫిట్స్ కూడా రావచ్చు. అందుకే దాన్ని కదపకుండా ముందు ఆందోళనకు నెమ్మదిగా పనిచేసే ఎస్సిటాలోప్రామ్ అనే మందును తక్కువ మోతాదులో మొదలుపెట్టి, అది పట్టు అందుకున్నాక ఆల్ప్రాజొలామ్‌ని కొద్దికొద్దిగా తగ్గించాలని నిర్ణయించారు. కొత్త మందు ఫలితం చూపడానికి వారాలు పడుతుందనీ, మొదటి రోజుల్లో కంగారు కాస్త పెరిగినట్టు అనిపించవచ్చనీ ముందే చెప్పాం. చెప్పకపోతే ఇలాంటివాళ్లు మూడో రోజే మానేస్తారు.

నేను విడిగా కొన్ని సెషన్లు చేశాను. కండరాలను ఒక్కొక్కటిగా బిగించి వదిలే రిలాక్సేషన్ నేర్పాను. చాలామందికి హాయిగా ఉంటుంది. మూర్తి గారు కళ్లు మూసుకోగానే "గుండె చప్పుడు వినబడుతోందండి" అని లేచి కూర్చున్నారు. ఇది అరుదేమీ కాదు. ఎప్పుడూ కాపలా కాసే మనిషిని కాపలా దించమంటే ముందు భయమే వేస్తుంది. శ్వాస మీద పని చేస్తే, ఊపిరి ఎన్ని సెకన్లకు తీస్తున్నానో గడియారం చూసుకోవడం మొదలుపెట్టారు. దాన్నీ పక్కన పెట్టాం.

తర్వాత ఆలోచనల పట్టిక ఇచ్చాను. ఏ సందర్భం, ఏ ఆలోచన, దానికి ఆధారమేమిటి, వ్యతిరేక ఆధారమేమిటి. లెక్కల మనిషి కదా, లెడ్జర్ పుస్తకం కొని, ఎర్ర సిరాతో గీతలు కొట్టి, పేజీలకు పేజీలు నింపుకొచ్చారు. అంత అందమైన పట్టిక నా సర్వీసులో చూడలేదు. ఆందోళన మాత్రం చెక్కుచెదరలేదు. ఎందుకంటే ఆయన ఆ పట్టికను, ప్రతి భయాన్నీ 'జరగదు' అని తేల్చుకునే పనికి వాడుకుంటున్నారు. తాళం మళ్లీ చూసుకోవడానికీ దీనికీ తేడా లేదు. ఇంకా ముఖ్యమైన సంగతి, ప్రతి సెషన్ చివర్లో చెప్పులు వేసుకుంటూ గుమ్మం దగ్గర ఆగి "అంతేగా మేడమ్, ఏం కాదుగా?" అనేవారు. నేను జవాబు చెప్పకుండా నవ్వి ఊరుకుంటే ఆ నవ్వునే జవాబుగా తీసుకెళ్లేవారు. భార్య, గుండె డాక్టర్, పెన్సిల్ నార్మల్‌లు, ఇప్పుడు నేను.

గ్రూప్‌కి ఎందుకు పంపాం

మా జిల్లాలో మాట్లాడి వైద్యం చేసేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. ఒక్కొక్కరినీ విడిగా చూడాలంటే నెలల వెయిటింగ్. గ్రూప్ పెట్టడానికి అదో కారణం, దాచేదేం లేదు. అసలు గ్రూప్ వైద్యం పుట్టిందే అలాంటి అవసరంలో. 1905లో బోస్టన్‌లో జోసెఫ్ ప్రాట్ అనే డాక్టర్, శానటోరియం ఖర్చు భరించలేని క్షయ రోగులను వారానికోసారి ఒకచోట కూర్చోబెట్టి జాగ్రత్తలు చెప్పేవారు. ఆ కలయిక వల్లే వాళ్ల మనసు కుదుటపడుతోందని తర్వాత తెలుసుకున్నారు.

మూర్తి గారి విషయంలో ఇంకో కారణముంది. గదిలో నేనొక్కదాన్నే ఉన్నంతకాలం ఆయనకు నేను సర్టిఫికెట్ ఇచ్చే మనిషినే. గ్రూప్‌లో ఆ హోదా ఎవరికీ ఉండదు. పైగా తన అలవాటు ఇంకొకరిలో ఎలా కనిపిస్తుందో అక్కడ చూడొచ్చు.

ఏడుగురు, వారానికి గంటన్నర, పన్నెండు వారాలు, మధ్యలో కొత్తవాళ్లను చేర్చుకోకుండా. నాతోపాటు మా సోషల్ వర్కర్ కూర్చున్నారు. ఆత్మహత్య ఆలోచనలు బలంగా ఉన్నవాళ్లను, తాగుడు అదుపులో లేనివాళ్లను, నలుగురిలో నోరు పెగలనంత భయమున్నవాళ్లను అప్పటికి తీసుకోలేదు. వాళ్లకు ముందు విడిగా చూడటమే మంచిది.

నియమాల్లో ఒకటి మాత్రం ఇక్కడికి ప్రత్యేకం. ఇంటిపేరు అడగకూడదు, చెప్పకూడదు. "ఏ ఊరు మీది? ఫలానావాళ్లు మీకేమవుతారు?" అన్నది మనవాళ్ల మొదటి ప్రశ్న. రెండు ప్రశ్నల్లో కులం, మూడో దానికి చుట్టరికం బయటపడతాయి. నాలుగో వారానికి కబురు ఇంటికి చేరుతుంది. బయట బజార్లో ఎదురుపడితే పలకరించాలా వద్దా అన్నది కూడా ముందే మాట్లాడుకున్నాం. పలకరించకపోయినా ఎవరూ మరోలా అనుకోకూడదని ఒప్పందం.

ఎక్కడ ఆగిపోయింది

మొదటి వారాలు బ్రహ్మాండంగా నడిచాయి. టైలరింగ్ షాపు నడిపే ఒకావిడ తనకు రాత్రి మూడింటికి మెలకువ వస్తుందని చెప్పగానే మూర్తి గారు ముందుకు వంగి "మూడింటికేనా?" అన్నారు. ఇన్నేళ్లుగా తన ఒక్కడి ఒంట్లోనే ఏదో లోపముందనుకున్న మనిషికి అది చిన్న విషయం కాదు. స్కోరు తగ్గింది. ఈ దశలో ఒకరినొకరు ఓదార్చుకోవడాన్ని మేం కావాలనే ఆపలేదు. దగ్గరితనం ఏర్పడక ముందే ఆపితే గ్రూప్ నిలవదు. అందరూ అన్నయ్యా, అక్కా, మాస్టారూ అని పిలుచుకోవడం మొదలైంది.

వరసలు కలిస్తే బాధ్యతలూ వస్తాయి. రిటైరైన మాస్టారు పెద్దరికం తీసుకున్నారు. ఎవరేం చెప్పినా పావుగంట ప్రవచనం. టైలర్ అక్క ఏ గుళ్లో ఏం మొక్కుకోవాలో చెప్పేది. మూర్తి గారు ఏ హాస్పిటల్లో ఎకో బాగా తీస్తారో చెప్పేవారు. మా బావమరిదికీ ఇలాగే ఉండేది, ఏం కాలేదు. మా పక్కింటావిడకీ అంతే, ఏం కాలేదు. నాలుగో వారం దాటేసరికి గది నిండా ధైర్యం. స్కోర్లు చూస్తే మూర్తి గారిది మళ్లీ మొదటికొచ్చింది, ఇంకో ఇద్దరివీ అదే దారి.

ఇంతలో వాళ్లంతట వాళ్లే ఒక వాట్సాప్ గ్రూప్ పెట్టుకున్నారని తెలిసింది. మూర్తి గారు పొద్దున్నా సాయంత్రం తన బీపీ రీడింగ్ అందులో పెడుతున్నారు. రాత్రి రెండింటికి ఎవరో ఒకరు మెలకువగా ఉంటారు కాబట్టి జవాబూ వస్తుంది. ఆ సమయంలో పాపం భార్యకు కాస్త విశ్రాంతి దొరికి ఉంటుంది.

దాన్ని మూసేయమనాలా అని మేమిద్దరం చాలా మాట్లాడుకున్నాం. మూసేయమంటే ఇద్దరిద్దరుగా విడిగా మెసేజ్‌లు పెట్టుకుంటారు, మాకు తెలియకుండా అదే నడుస్తుంది. చూసీ చూడనట్టు వదిలేస్తే పన్నెండు వారాలు ఓదార్పుతోనే గడిచిపోతాయి. మూడో దారి పట్టాం. ఎవరి ఫోన్‌లోంచి వాళ్లు గడిచిన వారంలో తాము పెట్టిన మెసేజ్‌లు, వాటికి వచ్చిన జవాబులు, టైముతో సహా పైకి చదవమన్నాం. ఇంకొకరివి చదవకూడదు. ఇష్టం లేనివాళ్లు వినొచ్చు.

మూర్తి గారు కళ్లజోడు సర్దుకుని లెక్క అప్పగిస్తున్నట్టు చదివారు. "రాత్రి పదకొండున్నర. బీపీ 138, 88. పర్లేదా? మాస్టారు: పర్లేదు, హాయిగా పడుకోండి. పన్నెండుంపావు. ఇప్పుడు 142. ఎడమ చెయ్యి లాగుతోంది. అక్క: నాకూ లాగుతుంది అన్నయ్యా, గ్యాస్. ఒంటిగంట. గ్యాస్ అయితే ఎడమవైపే ఎందుకు లాగుతుంది?" అక్కడ ఆయనే ఆగిపోయారు. ఇంకెవరూ మాట్లాడలేదు. కాసేపటికి టైలర్ అక్క, "గోకితే తగ్గే దురద కాదు అన్నయ్యా ఇది" అంది.

మేం చెప్పాలనుకున్న సిద్ధాంతమంతా అదే. ధైర్యం చెప్పించుకుంటే వచ్చే ఉపశమనం నిజమే. కానీ అది గంటకు మించి నిలవదు. నిలవనందుకు మళ్లీ అడగాల్సి వస్తుంది. అడిగిన ప్రతిసారీ 'ఎవరో ఒకరు చెబితే తప్ప నేను తట్టుకోలేను' అన్న నమ్మకం గట్టిపడుతుంది. బోర్డు మీద బొమ్మలేసి చెబితే ఇది తలకెక్కదు. తన టైములు తనే చదువుకున్నాక ఎక్కింది. ఎడమ చెయ్యి లాగడం మాటకొస్తే, దాన్ని మేం తేలిగ్గా కొట్టిపారేయలేదు. నడిస్తే ఛాతీలో బరువు, చెమటలు, ఆయాసం లాంటివి కొత్తగా వస్తే గ్రూప్‌లో అడగొద్దు, నేరుగా హాస్పిటల్‌కి వెళ్లాలని గుండె డాక్టర్‌తో మాట్లాడి రాసిచ్చాం. ఆ కాగితంలో లేనివాటికి మాత్రం చెకప్‌లు ఉండవు.

పని చేసినవి

ఆ రోజు నుంచి గ్రూప్ తీరు మార్చాం. ఒకరు తమ భయం చెప్పుకుంటారు. వినేవాళ్లు సలహా ఇవ్వకూడదు, ఏం కాదనకూడదు. ప్రశ్నలు మాత్రం అడగొచ్చు. అప్పుడు మీరేం చేశారు? చేశాక ఎంతసేపు తేలిగ్గా ఉంది? చేయకుండా ఉంటే ఏమవుతుందనుకున్నారు? మొదట్లో గది భరించలేనంత నిశ్శబ్దంగా ఉండేది. మాస్టారికి మరీ కష్టం. ఆయన ప్రవచనం ఎత్తుకోగానే మా సోషల్ వర్కర్ "మాస్టారూ, నిన్న రాత్రి మీరెలా గడిపారు?" అని అడిగేవారు. కొన్ని వారాలకు ఆయన తన రాత్రుల గురించి చెప్పడం మొదలుపెట్టారు. అందరికంటే భయపడుతున్నది ఆయనేనని అప్పుడు తెలిసింది. ఒక అబ్బాయి మాత్రం ఈ మార్పు తర్వాత, ఇక్కడ ఎవరూ ఏం చెప్పరని మానేశాడు. అతన్ని విడిగా చూశాం.

మూర్తి గారికి ఒక ప్రయోగం పెట్టాలనుకున్నాం. అమ్మాయి వచ్చేటప్పుడు లైవ్ లొకేషన్ లేకుండా ఒక రాత్రి. ఆయన ఒప్పుకోలేదు. "నేను కంగారు పడకపోతే దాని గురించి ఎవరు పడతారండి?" అన్నారు. విచారం ఒక రకమైన కాపలా అనీ, మానేస్తే పిల్లను గాలికొదిలేసినట్టనీ ఆయన లోపలి లెక్క. ఇలాంటి నమ్మకం దీర్ఘకాలిక ఆందోళన ఉన్నవాళ్లలో తరచూ కనిపిస్తుంది. మేం ఎంత చెప్పినా వాదనే అవుతుంది.

జవాబు మా నుంచి రాలేదు. గ్రూప్‌లో పోటీ పరీక్షలకు చదువుతున్న ఇరవై నాలుగేళ్ల అమ్మాయి ఉంది. ఎక్కువ మాట్లాడేది కాదు. ఆ రోజు చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూ, ఆయన వైపు చూడకుండా అంది. "అంకుల్, మా నాన్న కూడా రోజుకు నాలుగైదుసార్లు చేస్తారు. తిన్నావా, పడుకున్నావా, బాగున్నావా. బాగున్నా అని చెప్పడం నాకు డ్యూటీ అయిపోయింది. బాగోలేనప్పుడు కూడా బాగున్నా అనే చెప్తా. లేకపోతే ఆయన పడుకోరు." ఆగి, "నాకు ఈ దడ మొదలైనప్పుడు ఏడాదిపాటు ఇంట్లో చెప్పలేదు" అంది.

మూర్తి గారు ఏమీ అనలేదు. నేనూ కల్పించుకోలేదు. ఓదార్చకూడదన్న నియమం ఆ నిమిషంలో బాగా అక్కరకొచ్చింది. పాత పద్ధతిలో అయితే "మీ నాన్నకి ప్రేమమ్మా, అంతే" అని ఎవరో ఒకరు ఆ మాటను కప్పేసేవాళ్లు. తర్వాతి వారం ఆయనే ప్రయోగానికి సిద్ధమని వచ్చారు.

మొదటిసారి నిలబడలేకపోయారు. లైవ్ లొకేషన్ పెట్టించుకోలేదు గానీ, అర్ధరాత్రి దాటాక టికెట్ మీదున్న బస్సు డ్రైవర్ నంబర్‌కి ఫోన్ చేశారు. "సూర్యాపేటలో టీకి ఆపాడటండీ" అని గ్రూప్‌లో చెప్తూ ఆయనే నవ్వేశారు, అందరూ నవ్వారు. ఆ నవ్వు లేకపోతే రెండోసారి ప్రయత్నించేవారు కాదేమో. ఫోన్ చేసే ముందు ఏమైంది, ఎంతసేపు ఆగగలిగారు అన్నదే మేం అడిగాం. ఈసారి ఫోన్ భార్యకిచ్చేస్తానన్నారు. వద్దన్నాం. భార్య చేతిలో ఉంటే చుక్కను ఆవిడ చూస్తారు, ఈయన ఆవిడ ముఖం చూస్తారు.

అందుకే భార్యతో ఒకసారి విడిగా, తర్వాత ఇద్దరితో కలిపి కూర్చున్నాం. ఆవిడ ఉన్నట్టుండి జవాబు చెప్పడం మానేస్తే ఆయనకు అది కోపంలా కనిపిస్తుంది, ఇంట్లో గొడవవుతుంది. కాబట్టి ఏమనాలో ఇద్దరి సమ్మతితో ముందే అనుకున్నాం. ఆయన అడిగితే ఆవిడ "అది మీ ఆరున్నర పుస్తకంలో రాసుకోండి" అనాలి. ఆరున్నర పుస్తకమంటే, పాత లెడ్జరే. విచారాలు ఎప్పుడొస్తే అప్పుడు ఒక ముక్కలో రాసి పక్కన పెట్టి, సాయంత్రం ఆరున్నరకు ఇరవై నిమిషాలు మాత్రమే వాటితో కూర్చోవాలి. ఇవాళ చేయగలిగిన పని ఉంటే రాసుకోవాలి, ఇంకా జరగనిదైతే అలాగే వదిలేయాలి. విచారానికి వేళ కేటాయించే ఈ పద్ధతి 1980ల నుంచీ వాడుకలో ఉంది. మూర్తి గారికి ఓ మాదిరిగా పనికొచ్చింది, టైలర్ అక్కకు మాత్రం బాగా కలిసొచ్చింది.

రెండోసారి ఫోన్ పడగ్గదిలో ఆపేసి, హాల్లో కాకుండా మంచం మీదే పడుకున్నారు. నిద్ర పట్టలేదు. అమ్మాయి తెల్లారి వచ్చింది. గ్రూప్‌లో మాస్టారు "చూశారా, ఏం కాలేదు" అనబోయి నాలిక్కరుచుకున్నారు. మేం అడిగింది అమ్మాయి చేరిన సంగతి గురించి కాదు. అమ్మాయి క్షేమంగా వచ్చింది కాబట్టి ధైర్యమొచ్చిందంటే అది మళ్లీ పెన్సిల్ నార్మలే. ఏమీ తెలియకుండా ఒక రాత్రంతా ఎలా ఉండగలిగారని అడిగాం. "దడ రెండింటిదాకా ఉంది. తర్వాత అదే తగ్గింది. నేనేం చేయలేదు" అన్నారు.

ఈ తేడా ఎందుకు ముఖ్యమో మూడోసారి తేలింది. దారిలో వాన, బస్సు బ్రేక్‌డౌన్, రెండు గంటల ఆలస్యం. ఆయన ఊహించుకునే సంఘటనలకు దగ్గరగా ఉన్నది నిజంగానే జరిగింది. వేచి చూశారు, స్టాండుకు వెళ్లి ఇంకాసేపు చూశారు, ఫోన్ చేయలేదు. అమ్మాయే ఆటోలోంచి ఫోన్ చేసింది. అంతకుముందు రెండుసార్ల కంటే ఇదే ఎక్కువ మేలు చేసిందని నా అంచనా.

తర్వాత

పన్నెండు వారాలు ముగిసేసరికి జీఏడీ-7 స్కోరు పదికి దిగువన ఉంది. ఆల్ప్రాజొలామ్ తగ్గింపు గ్రూప్ మధ్యలో మొదలై అది ముగిశాక కొన్ని వారాలకు పూర్తయింది. ఎస్సిటాలోప్రామ్ కొనసాగుతోంది. మందు వల్ల ఎంత, గ్రూప్ వల్ల ఎంత అని ఒక్క కేసుతో విడదీయలేం. రెండూ కలిసి నడిచాయి. కాఫీ తగ్గించడం కూడా కొంత సాయం చేసి ఉండొచ్చు. మిల్లుకు పన్ను శాఖ నోటీసు వచ్చినప్పుడు మళ్లీ రెండు వారాలు నిద్ర కరువైంది, లెక్కలు మళ్లీ కిందినుంచి పైకి మొదలయ్యాయి. పాత కవర్ కాకుండా ఆరున్నర పుస్తకం పట్టుకొచ్చారు. ఒక సెషన్‌తో సర్దుకున్నారు.

గ్రూప్ నడపాలనుకునేవాళ్లకు రెండు మూడు మాటలు. తోడు లేకుండా ఒక్కరే నడపొద్దు, ఒకరు మాట్లాడేవాళ్లను చూస్తుంటే ఇంకొకరు మాట్లాడనివాళ్లను చూడాలి. ఆ పోటీ పరీక్షల అమ్మాయి నోరు విప్పింది, మా సోషల్ వర్కర్ వారాల తరబడి ఆమె వైపు ఒక కన్నేసి ఉంచడం వల్లే. వాట్సాప్ గ్రూప్ గురించి ఇప్పుడు మొదటి రోజే మాట్లాడుతున్నాం: టైము, చోటు మారితే చెప్పుకోవడానికి ఉంచుకోండి, లక్షణాలు అందులో వద్దు. ఓదార్పు గురించి మాత్రం మొదటి రోజు చెప్పడం లేదు. మూడు నాలుగు వారాలు ఓదార్చుకోనిచ్చి, తర్వాతే ఆ మెసేజ్‌లు చదివిస్తున్నాం. ముందే నియమంగా పెడితే దాన్ని పాటిస్తారు గానీ, ఎందుకో తెలియదు. దగ్గర్లో ఇలాంటి గ్రూప్ లేనివాళ్లకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబర్ ఇస్తున్నాం, 2022 నుంచి నడుస్తోంది, తెలుగులో మాట్లాడతారు.

మూర్తి గారు కిందటి రివ్యూలో, తర్వాతి గ్రూప్‌కి వచ్చి కొత్తవాళ్లకు సాయం చేస్తానన్నారు. వెంటనే ఒప్పుకోలేదు. రాత్రి రెండింటికి ఎవరో కొత్తాయన బీపీ రీడింగ్ పంపితే, జవాబు ఇవ్వకుండా ఉండగలరా అని అడిగాం. ఆలోచించి, ఇంకో ఆరు నెలలు ఆగుదామన్నారు.